గురువారం నాటి మెహందీ

వకీలు కళావతి ఫోన్ చేసేసరికి ఖుష్బూ మగ్గం మీద నెమలి కన్ను కుడుతోంది.

"ఆర్డరొచ్చింది! పిల్ల తల్లి దగ్గరే ఉండాలన్నరు. పోయి తెచ్చుకోండి!"

ఫలక్‌నుమా కార్ఖానాలో ముప్పై మంది ఆడవాళ్లు సూదులు గుడ్డకు గుచ్చి, పిల్ల తల్లి నూరున్నీసాను చుట్టుముట్టారు. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. "పొద్దుగాల ఏం తిన్నదో, ఆకలైతుంటది" అంది.

భర్త పోయిన నలభయ్యో రోజున, ఫాతెహా ప్రార్థన ముగియగానే, ఎనిమిదేళ్ల ఉమ్మే హానీని మరిది అమీర్ సేటు పురానాపూల్‌లోని తన ఇంటికి ఎత్తుకుపోయాడు. కార్ఖానాలో పిల్లకు తండ్రి వాటా ఉంది. పిల్ల తన చేతిలో ఉంటే కార్ఖానా, అందులో పనిచేసేవాళ్లూ తన చేతిలోనే ఉంటారని అతని ధీమా. ఆడపిల్ల ఈడేరేదాకా పెంచే హక్కు తల్లికి షరీయతే ఇచ్చిందని కళావతి కోర్టులో వాదించింది.

ఆటోల్లో ఇరుక్కుని బయలుదేరారు. ఖుష్బూకు పెళ్లయి పదిహేను రోజులే. పక్క మగ్గం కృష్ణమ్మ ఒళ్లో కూర్చుని నవ్వు ఆపుకోలేకపోతోంది. మొహానికి తగిలే గాలి, గోళ్ల మీద మిగిలిన మెహందీ ఎరుపు, కార్ఖానాలో కొత్తగా సూపర్వైజరైన భర్త తారిక్ సాయంత్రం తెచ్చే వేడి ఖీమా లుక్మీలు, ఇప్పుడు పిల్ల ఇంటికి రావడం. అన్నీ కలిసి ఒకే సంతోషం.

అమీర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పైన కిటికీ ఊచలు పట్టుకుని ఉమ్మే హానీ.

"వదినకు మళ్ల షాదీ కుదిరింది, బయటి మనిషితోని. బయటోణ్ణి చేసుకుంటే పిల్ల మీద హక్కు పోతది. షరీయత్ మీకే తెల్సా? ఇగో, షాదీకి ఒప్పుకుంటు వదిన సంతకం పెట్టిన మంగ్నీ కాగితం. రేపు కోర్టుల పెడ్తున్న. అప్పటిదాంక పిల్ల గడప దాటది."

"నాకు షాదీ ఏంది? గది నా సంతకం కాదు!" నూరున్నీసా ముందుకు దూసుకొచ్చింది.

"ఇద్దరు గవాలున్నరు. జిరాక్స్ తీస్కపోయి చదువుకోండి."

కాగితం ఖుష్బూ చేతికొచ్చింది. రెండో సాక్షి సంతకం చివర గాలిపటం తోకలాంటి మెలిక. తన పెళ్లి నికానామా మీద ఆ మెలికను ఆమె ఎన్నిసార్లు వేలితో తడిమిందో!

తారిక్.

"నీ మొగుడే గదనే!" కృష్ణమ్మ అరిచింది. "అందుకేనా సూపర్వైజరయిండు? మా ముచ్చట్లు సేటుకు మోసింది నువ్వేనా?"

ఖుష్బూ చుట్టూ ఖాళీ ఏర్పడింది. తిరుగు దారిలో ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు.

కార్ఖానాలో తారిక్ లుక్మీల పొట్లంతో ఎదురొచ్చాడు. ఆమె కాగితం అతని ముందు పెట్టింది.

"ఖాళీ కాగితం మీద పెట్టమన్నడు, పెట్టిన. సేటు అడిగితే ఎట్ల కాదంట? ఏం రాస్తడో నాకేం ఎరుక?"

"నూరున్నీసా ఆపా నా చేతి మెహందీల నీ పేరు దాచింది. అది దొరకవట్టెదాంక నా చెయ్యి ఇడువలే నువ్వు. గదే ఆపా బిడ్డను గుంజుకోనీకి సంతకం పెట్టినవ్!"

ఆ మాట అంటుండగానే ఆమె చూపు కాగితంలో సంతకాలు చేసిన తేదీ మీద పడింది. గురువారం, సాయంత్రం ఆరు గంటలు, పురానాపూల్.

"ఆపా! నా మెహందీ గా దినమే గదా?"

ఆ గురువారం నాలుగింటి నుంచి పదిదాకా నూరున్నీసా ఖుష్బూ ఇంట్లో, ఆడవాళ్ల గదిలో, ఒక్కొక్కరికీ మెహందీ పెడుతూనే ఉంది. ఆ గదిలోకి ఏ మగవాడూ అడుగు పెట్టలేదు.

కృష్ణమ్మ పకపకా నవ్వింది. "ఆడోళ్లు యాడున్నరో సేటుకేం ఎరుక! నా చేతికి సుత మామిడి పిందె ఏసింది." తర్వాత ఖుష్బూ భుజం మీద చెయ్యి వేసింది. "నోరు జారిన బిడ్డా."

ఖుష్బూ మగ్గం అంచు పట్టుకుని అందరినీ చూసింది.

"రేపు మగ్గాలు బంద్. పదింటికి అందరం కోర్టుకు. ఆపా మెహందీ పెట్టిన ప్రతి చెయ్యి గవాయి చెప్పాలె. మొదలు నేను చెప్త." తారిక్ వైపు తిరిగింది. "నువ్వు మాతోని నడ్సి ఖాళీ కాగితం ముచ్చట చెప్తవా, సేటు పక్కన నిలబడ్తవా, పొద్దుగాలకు తేల్చుకో."