మెట్ల దారి తలుపు

ముందే చెప్పేస్తున్నాను: నేను సాయం చేసే మనుషులంటే నాకు భయం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేసి, జైలు నుంచి బయటికొచ్చినవాళ్లకు పని వెతికిపెట్టే సంస్థలో చేరిన రోజు నుంచీ ఉంది. కూకట్‌పల్లిలో మా అమ్మ అడిగితే మాత్రం "అబ్బే, అందరూ మంచివాళ్లేనమ్మా" అంటాను.

మొన్న సాయిచంద్‌ను కోకాపేటలో ఇంటర్వ్యూకి తీసుకెళ్లాను. బోరబండ మనిషి, హత్య కేసులో శిక్ష ముగించుకొచ్చాడు. ఆఫీసు క్యాంటీన్‌లో పని. పదకొండుకల్లా ఎనిమిదో అంతస్తులో ఉండాలి. లిఫ్టు ముందు పెళ్లి భోజనాల దగ్గరున్నంత జనం. "మెట్లెక్కుదాం" అన్నాను, రోజూ ఎక్కేదానిలా. సిగరెట్ బ్యాచ్ ఎవరో మెట్ల తలుపు మూసుకుపోకుండా అట్టముక్క అడ్డం పెట్టారు. నేను ముందు నడిచాను.

వెనక క్లిక్‌మంది.

సాయిచంద్ అట్టముక్క తీసేసి, తలుపు మూసి, గట్టిగా పడిందో లేదో లాగి చూస్తున్నాడు.

"ఎందుకు మూశారు?"

"తెరిచిపెట్టి పోతే కొడ్తరు కద మేడం, జైల్ల."

మెట్ల వైపు నుంచి కార్డు లేనిదే అది తెరుచుకోదు. పై అంతస్తుల తలుపులూ అంతే. మా విజిటర్ కార్డు పెడితే ఎర్రలైటు. ఫోన్లో సిగ్నల్ లేదు. ఇప్పటిదాకా అతన్ని కలిసినప్పుడల్లా పక్కన ఎవరో ఒకరున్నారు. గోడ మీద అలారం కనబడితే చెయ్యి చాపాను.

"అది నొక్కకుండ్రి మేడం!"

ఆ అరుపు మెట్లన్నీ ఎక్కి దిగొచ్చింది. చెయ్యి ఆగిపోయింది. వెనక్కి జరిగి తలుపుకు వీపు ఆనించాను.

అతను చూశాడు.

"పోలీసులొస్తే ముందుగాల నన్నే పట్టుకుంటరు. జర తలుపు కొట్టుండ్రి. నేను గీడ కూసుంట."

కొన్ని మెట్లు పైకెళ్లి, గోడవైపు తిరిగి గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ నాకు కనిపించేలా తల మీద పెట్టుకున్నాడు. జైల్లో సోదా అప్పుడు అలాగే కూర్చోవాలట.

అరచెయ్యి మంటెత్తేదాకా తలుపు బాదాను. చివరికి సెక్యూరిటీ అతను తెరిచి, మెట్ల మీది మనిషిని చూశాడు.

"ఎవడు వీడు? తలుపు ఎవరేసిండ్రు?"

"నేనే వేశానండి. మావాడే. ఇంటర్వ్యూకి లేటవుతోంది."

లిఫ్టు ఖాళీగా వచ్చింది. సాయిచంద్ బయటే ఆగాడు. "మీరు పోండ్రి మేడం. ఇంకోదాంట్ల వస్త."

"అప్పటికి ఉద్యోగం ఇంకెవరో కొట్టేస్తారు. ఎక్కండి."

తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టాను. తలుపు బాది ఎర్రబడ్డ చెయ్యే.

ఉద్యోగం వచ్చింది. నా భయం పోలేదు.

మీరెప్పుడైనా సాయానికెళ్లి, ఆ మనిషికే భయపడ్డారా? అప్పుడేం చేశారో రాయండి. మా అమ్మకు చూపించనులెండి.