నాలుగో క్వార్టర్ దాకా ఆగినవాడు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రోమన్ లెస్నియాక్ చేసే పని, బాగా చేసినంతకాలం, ఎవరి కంటా పడదు. ముందుకు వంగి, బంతిని రెండు చేతులా పట్టుకుని, పదిహేను గజాల వెనక నిలబడ్డ తన్నేవాడి గుండెకి సూటిగా తగిలేలా కాళ్ళ మధ్యనుంచి విసరాలి. సరిగ్గా వెళ్తే జనం తన్నినవాణ్ణి మెచ్చుకుంటారు. కాస్త పక్కకి పోయిందా, అప్పుడు మాత్రం స్టేడియం మొత్తానికీ వీడి పేరూ ఊరూ కావాలి. ఇలాంటి పనిని ఏరికోరి ఎంచుకునేవాళ్ళు ఉండరు. రోమన్‌కి అది అబ్బింది, అంతే. అయోవాలో ఓ చిన్న కాలేజీ జట్టుకి నాలుగేళ్ళు అదే చేశాడు. ఒక్క బంతీ దారి తప్పలేదు కాబట్టి అతన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

అలాంటివాడికి 1976 వేసవిలో షికాగో ఆల్‌స్టార్ ఆటకి రమ్మని ఫోనొచ్చింది. ముందు ఎంచుకున్న కుర్రాడెవడో సాధనలో మణికట్టు బెణికించుకున్నాడట. బంతి వెనక్కి విసిరేవాళ్ళు ఇద్దరుండాలి, ఒక్కడే మిగిలాడు, ఉన్నపళంగా రాగలవా అన్నారు. రోమన్ రాగలనన్నాడు. ఫోను పెట్టేశాక గానీ ఊపిరి తీసుకోలేదు.

ఆ ఏడు కాలేజీ ముగించిన కుర్రాళ్ళలోంచి మెరికల్ని ఏరి, నిరుటి ప్రొఫెషనల్ ఛాంపియన్లతో ఆడించే ఆట అది. నలభై ఏళ్ళ పైబడి ప్రతి వేసవీ షికాగోలో జరుగుతోంది. ఓ పత్రికవాళ్ళు ధర్మకార్యం పేరు చెప్పి మొదలుపెట్టారు. ఒకప్పుడు లక్షమంది వచ్చేవారు, కుర్రాళ్ళు గెలిచిన ఏళ్ళు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఛాంపియన్లు విందుకొచ్చినట్టు వచ్చి, కుర్రాళ్ళని తీరిగ్గా నమిలేసి, మూతి తుడుచుకుని పోతున్నారు. కుర్రాళ్ళని కొనుక్కునే ప్రొఫెషనల్ క్లబ్బులవాళ్ళకి కూడా ఈ ఆటంటే కడుపుమంట. మేం ఏరుకున్న కుర్రాడు మా శిబిరానికి రాకుండా అక్కడికెళ్ళి కాలు విరగ్గొట్టుకుంటే పూచీ ఎవరిదని వాళ్ళ గోల. ఇంక ఈ ఆట ఎన్నాళ్ళో సాగదని ఆల్‌స్టార్ సాధన శిబిరంలో కుర్రాళ్ళు కూడా చెప్పుకునేవారు.

రోమన్‌కి ఈ లెక్కలేవీ పట్టలేదు. అతనికి కావలసింది ఒక్కటే. ఆ స్టేడియంలో తను బంతి విసురుతుంటే నాన్న చూడాలి.

నాన్న పేరు జిగ్మంట్. దక్షిణ షికాగోలో ఉక్కు కొలిమి దగ్గర పని. ఇంట్లో తక్కువగా మాట్లాడే మనిషి. కానీ వేసవి వచ్చిందంటే ఒక కథ మాత్రం తప్పకుండా చెప్పేవాడు. 1947లో, తనకి పదహారేళ్ళప్పుడు, సరస్సు ఒడ్డునున్న ఆ స్టేడియంలో, బాబాయి పక్కన నిలబడి, కాలేజీ కుర్రాళ్ళు అప్పటి ఛాంపియన్లు, షికాగో బేర్స్ అంతటి జట్టుని ఒక్క పాయింటు కూడా చెయ్యనివ్వకుండా ఓడించడం చూశాడు. తిరుగుదారిలో బాబాయి సంతోషం పట్టలేక తన టోపీ సరస్సులోకి విసిరేశాడట. మర్నాడు కొత్త టోపీ కొనుక్కోమని పిన్ని గొడవ. ఆ కథ రోమన్‌కి కంఠతా వచ్చు. టోపీ దగ్గరికి వచ్చేసరికి నాన్న ముఖం పదహారేళ్ళవాడిదైపోయేది.

అంత పిచ్చి ఉన్న మనిషి కొడుకు ఆట ఒక్కటీ చూడలేదు. కాలేజీ ఆటలన్నీ శనివారాలు, కొలిమికి శనివారం ఆదివారం తేడా లేదు. రోమన్ అడగడం మానేశాడు, నాన్న క్షమాపణ చెప్పుకోవడం మానేశాడు. ఇద్దరికీ మనసులో మాత్రం ముల్లులా ఉండిపోయింది.

ఈసారి ఫోన్లో సంగతి చెప్పగానే నాన్న ముందు ఏ రోజని అడిగాడు. తర్వాత ఏ స్టేడియం అని అడిగాడు, ఊళ్ళో అలాంటివి పది ఉన్నట్టు. అదే నాన్నా అన్నాడు రోమన్. అయితే ఆ వారమే కొలిమి లోపల ఇటుకలు మార్చే పని పడింది. సెలవు మాట ఎత్తితే మేస్త్రీ కరుస్తాడు. రాత్రి తొమ్మిదికి గానీ వదలరు. ఆట మొత్తం నాలుగు క్వార్టర్లు, అతను చేరేసరికి సగం పైనే అయిపోతుంది.

“నాలుగో క్వార్టర్‌కి వచ్చేస్తాన్రా రోమెక్. అది చాల్లే. అసలు ఆటంతా అప్పుడేగా,” అన్నాడు నాన్న.

తన్నుడు వ్యవహారాలన్నీ చూసే కోచ్ పేరు టాకెట్. కెంటకీ మనిషి, నోట్లో ఎప్పుడూ అగ్గిపుల్ల. డాల్రింపుల్ అనే పెద్ద విశ్వవిద్యాలయం కుర్రాడు మొదటి సగం బంతి విసురుతాడని, రెండో సగమంతా రోమన్‌దని పంచాడు. రోమన్ తలూపాడు గానీ, ఆ రాత్రినుంచి మనసులో ఒక మాట కూడగట్టుకోవడం మొదలుపెట్టాడు. అది బయటికి రావడానికి ఆటరోజు విరామం దాకా పట్టింది.

అప్పటికి ఛాంపియన్లు కుర్రాళ్ళని ఉతికి ఆరేస్తున్నారు. బోర్డు మీద మనవాళ్ళ పక్కన సున్నా చెక్కుచెదరలేదు. టాకెట్ హడావిడిగా వచ్చి, లెస్నియాక్, నీ వంతు, చేతులు తుడుచుకో అన్నాడు.

“కోచ్, మూడో క్వార్టర్ కూడా డాల్రింపుల్‌నే వెయ్యనివ్వండి. నేను నాలుగోదానికి దిగుతాను.”

“ఏం, కడుపునొప్పా?”

“మా నాన్న అప్పటికి గానీ రాడు.”

టాకెట్ అగ్గిపుల్ల నోట్లోంచి తీశాడు. “ఇన్నేళ్ళుగా కోచింగ్ చేస్తున్నానోయ్. నన్ను దింపండి మొర్రో అన్నవాళ్ళని చూశాను. బెంచీ మీద కూర్చోబెట్టండి అన్నవాడివి నువ్వొక్కడివే.” మళ్ళీ పుల్ల నోట్లో పెట్టుకుని, “సరే, నాలుగోదంతా నీదే. ఫో,” అన్నాడు.

నీ వంతు కూడా నేనే వంగాలా, నా నడుం మీ నాన్నొచ్చి పడతాడా అని డాల్రింపుల్ సణిగాడు. మంచివాడే, సణుగుతూనే వెళ్ళాడు.

మూడో క్వార్టర్లో మనవాళ్ళు ముందుకు పోలేక బంతిని దూరంగా తన్నెయ్యవలసి వచ్చిన ప్రతిసారీ డాల్రింపుల్ దిగి వంగాడు. బెంచీ మీద రోమన్ చేతులు వాటంతట అవే మోకాళ్ళ మధ్య కదిలేవి. కళ్ళు మాత్రం నాన్నకి టికెట్ ఇచ్చిన వైపు మెట్ల మీదే ఉన్నాయి. ఇంతలో పడమటి నుంచి మబ్బు పట్టుకొచ్చింది. ముందు గాలి, ఆ వెనకే వాన. మామూలు వాన కాదు, కుండపోత. దీపాల వెలుగులో ఎదుటి గ్యాలరీ కనిపించడం మానేసింది. నకిలీ పచ్చిక మీద చీలమండల దాకా నీళ్ళు. మూడో క్వార్టర్ ఇంకో నిమిషం పైచిలుకు ఉందనగా రిఫరీలు ఆట ఆపి అందర్నీ లోపలికి పొమ్మన్నారు.

అందరూ పోయారు, రోమన్ తప్ప. సొరంగం నోటి దగ్గర శిరస్త్రాణం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఈ క్వార్టర్‌కి మిగిలింది ఒక్క నిమిషమే కదా, వాన ఆగుతుంది, ఆగితే తర్వాతదంతా నాదే అనుకుంటున్నాడు. షికాగో జనం మాత్రం ఆగలేదు. ఒకడు గోడ దూకాడు, వాడి వెనక పదిమంది, ఆ వెనక వేలమంది. నీళ్ళలో బోర్లా పడి జారుతున్నారు, చొక్కాలు విప్పి గిరగిరా తిప్పుతున్నారు. ఓ గుంపు గోల్‌పోస్టుల్ని ఊపి ఊపి పడగొట్టింది. ఆట బంతులెవరో ఎత్తుకుపోయారు. పోలీసులు కాసేపు అదిలించి, వాళ్ళు కూడా వానకి తలొంచుకుని నిలబడిపోయారు.

ఆ గందరగోళంలోంచి ఓ మనిషి నెమ్మదిగా నడిచొస్తున్నాడు. నీలం పని దుస్తులు, చేతిలో అన్నంపెట్టె. గేటు దగ్గర టికెట్ చూసేవాళ్ళెవరూ లేకపోయినా దాన్ని తడవకుండా అరచేతిలో దాచుకుని మరీ వస్తున్నాడు. జుట్టులో ఇంకా ఇటుకపొడి, అది కరిగి చెంపల మీదికి ఎర్రగా కారుతోంది.

“ఇదేంట్రా ఇది, చేపల చెరువా?” అన్నాడు నాన్న. తర్వాత గొంతు తగ్గించి, “నువ్వు దిగేశావా? నేనేం పోగొట్టుకోలేదుగా?” అని అడిగాడు.

“లేదు నాన్నా. నా వంతు ఇంకా రాలేదు.”

నాన్న ముఖం విప్పారింది. అయితే సరేలే, వాన ఆగితే మొదలెడతారు అని, పెట్టె తెరిచి మిగిలిన రొట్టె, సాసేజి ముక్క కొడుకు చేతిలో పెట్టాడు. ఇద్దరూ సొరంగం కప్పు కింద నిలబడి తింటూ వానని చూశారు. బాబాయి టోపీ విసిరింది అదిగో ఆ వైపే అని నాన్న గడ్డంతో చూపించాడు. అప్పుడు మైకులో గొంతు వినిపించింది. ఆట ముగిసిపోయిందని, ఇక ఆడరని, అందరూ జాగ్రత్తగా ఇళ్ళకి వెళ్ళాలని. జనం కేరింతలు కొట్టారు. వాళ్ళకేం, సగం వినే ఉండరు. రోమన్ చేతిలో మిగిలిన రొట్టె ముక్కని తిరిగి పెట్టెలో పెట్టేశాడు.

నాన్న బోర్డుకేసి చూశాడు. అక్కడ ఇంకా మూడో క్వార్టరే వెలుగుతోంది. పోనీలే, వచ్చే ఏడు చూసుకుందాం అందామని నోరు తెరిచి, కాలేజీ ముగించినవాడికి ఈ ఆటలో వచ్చే ఏడంటూ ఉండదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

అప్పుడే టాకెట్ రోమన్‌ని వెతుక్కుంటూ లోపల్నుంచి వచ్చాడు. పక్కనున్న మనిషిని ఎగాదిగా చూసి, “మీరేనా అండీ ఆ నాన్నగారు? మీకోసమే వీడు మూడో క్వార్టర్ వదులుకుని కూర్చున్నాడు,” అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. రోమన్ కళ్ళతో సైగ చేసేలోపే మాట జారిపోయింది. టాకెట్‌కి ఏదో తప్పు జరిగిందని అర్థమై, బస్సు పావుగంటలో కదులుతుందని గొణిగి వెళ్ళిపోయాడు.

నాన్న అన్నంపెట్టె మూత వేశాడు. గొళ్ళెం పడలేదు, మళ్ళీ వేశాడు.

“అడిగి మరీ కూర్చున్నావా?”

“ఊఁ.”

“వెధవా,” అన్నాడు నాన్న. అంతకంటే ప్రేమగా ఆ మనిషి రోమన్‌తో ఎప్పుడూ మాట్లాడలేదు.

పెట్టె అక్కడే గోడవార పెట్టి, వానలోకి నడిచాడు. కొంత దూరం వెళ్ళి, వెనక్కి తిరిగి, దూరం సరిపోయిందా అన్నట్టు చూశాడు. రోమన్ చేత్తో ఇంకొంచెం వెనక్కి అన్నాడు. నాన్న ఇంకో నాలుగడుగులు వేసి, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు చాచాడు. కొలిమి దగ్గర కాలి, మందమెక్కిన చేతులు.

“వెయ్యి.”

“బంతులెత్తుకుపోయారు నాన్నా.”

“నువ్వు వెయ్యరా. పట్టుకోవడం నా పని.”

రోమన్ శిరస్త్రాణం పెట్టుకున్నాడు. గీత దగ్గర పాదాలు సర్దుకుని వంగాడు. ఎన్నో వేలసార్లు వంగాడు గానీ, కాళ్ళ మధ్యనుంచి చూస్తే అవతల నాన్న కనిపించడం ఇదే మొదలు. తలకిందులుగా, నీళ్ళ మీద వేలాడుతున్నట్టు, నోరు బిగించి, ఎంతో శ్రద్ధగా నిలబడి ఉన్నాడు. జారేవాళ్ళు జారుతున్నారు, అరిచేవాళ్ళు అరుస్తున్నారు. రోమన్ ఖాళీ చేతులు నేలమీద ఆనించి, పట్టు చూసుకుని, ఒక్క ఊపున వెనక్కి విసిరాడు.

నాన్న చేతులు గుండెల దగ్గర చప్పున మూసుకున్నాయి. ఒక అడుగు వెనక్కి తూలాడు కూడా. తర్వాత అరచేతులు దులుపుకుంటూ, “మంట పుట్టించావు కదరా,” అన్నాడు.

ఆ చలికాలం పేపర్లో నాలుగు ముక్కల వార్త వచ్చింది, ఇకమీదట ఆ ఆట ఉండదని. నాలుగో క్వార్టర్ ఎవరికీ రాకుండానే ఆ ముచ్చట ముగిసిపోయింది. రోమన్‌ని అంతకుముందే, ఆగస్టులోనే, ఓ క్లబ్బు శిబిరంలో చూసి వద్దని పంపేశారు. హైస్కూల్లో వడ్రంగం నేర్పే పనిలో కుదురుకున్నాడు. పాత ఆట పోయినా ప్రొఫెషనల్ ఆటగాళ్ళలో ఏరినవాళ్ళు తమలో తాము ఆడుకునే ఆల్‌స్టార్ ఆట మిగిలింది. కొన్నాళ్ళకి దాన్ని హవాయికి తరలించారు. షికాగోలో మంచు మోకాళ్ళ దాకా ఉన్నప్పుడు టీవీలో ఆ కొబ్బరిచెట్ల ఎండ కనిపించేది. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని చూసేవారు. అందరూ బంతి వెంట చూస్తే వాళ్ళిద్దరూ వంగినవాణ్ణే చూసేవారు.

నాన్న చాలా ఏళ్ళు బతికాడు. కొలిమి మూతపడ్డాక సాయంత్రాలు వీధి మూలనున్న బార్లో గడిపేవాడు. అక్కడ టోపీ కథ చెప్పడం మానేశాడు. ఆ స్టేడియంలో మావాడు విసిరిన బంతి నేనే పట్టాను, సూటిగా గుండెకే వచ్చింది అని చెప్పేవాడు. ఆ బంతేదీ జిగ్గీ, చూపించు అని వాళ్ళు ఏడిపిస్తే, పట్టినవాడికి తెలుస్తుందిలే అని గ్లాసు ఎత్తేవాడు.

ఆయన పోయాక వచ్చిన మొదటి జూలైలో ఓ సాయంత్రం అలాంటి వానే పడింది. రోమన్ ఇంటి వెనక సందులోకి వెళ్ళి నిలబడ్డాడు. మోకాళ్ళు వద్దంటున్నా పాదాలు సర్దుకుని వంగాడు. పక్కింటి కిటికీలోంచి ఆవిడెవరో, ఏం పోయింది రోమన్, వాన తగ్గాక వెతుక్కోరాదూ అని కేకేసింది. ఏం లేదండీ అన్నాడు. కాళ్ళ మధ్యనుంచి చూస్తే, తలకిందులుగా, పదిహేను గజాల అవతల గ్యారేజీ తలుపు, దాని మీంచి కారుతున్న నీళ్ళు. ఆ ముందు ఎవరూ లేరు. అయినా చేతులు పట్టు చూసుకున్నాయి, ఎప్పటిలాగే గుండె ఎత్తులో విసిరేశాయి. అతను వెంటనే లేవలేదు. మంట పుట్టించావు కదరా అన్న మాట కోసం వానలో అలాగే వంగి ఉండిపోయాడు.