పత్తి మంచు

లూర్దు మేరీ వసారాలో కూర్చుని పత్తిలోంచి గింజలు వలుస్తోంది. క్రిస్మస్‌కి కట్టిన పశువుల పాక మీద మంచు కురిపించాలి మరి. ఫిరంగిపురం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లెవరూ మంచు మొహం చూసి ఎరగరు. అయినా బాలయేసు పుట్టిన చోట మంచు పలచగా ఉంటే అత్తగారు అంతోనమ్మకు నచ్చదు.

“కప్పు మీద ఇంకాస్త వెయ్యవే. చూసినోళ్లు ఏమనుకుంటారు?” అంది ఆవిడ కుర్చీలోంచి.

ఆ పత్తి చేలో తీసింది లూర్దే. పాక కట్టింది, మెంతులు చల్లి దాని ముందు పచ్చిక మొలిపించింది, అరిసెలు వండింది కూడా లూర్దే. పాక ముందు నిలబడి ఫొటో దిగేది మాత్రం మొగుడు బాలశౌరి.

పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ గుడి మైకులోంచి వంటింట్లోకి వినపడినంత మేరకే ఆమెకు క్రిస్మస్ పూజ. పూజయ్యాక ఫాదర్ గారు, చుట్టాలు భోజనానికి వస్తారు కాబట్టి ఇంటికొక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరో ఎవరూ చెప్పరు, చెప్పక్కర్లేదు. ఓ ఏడాది ధైర్యం చేసి తనూ వస్తానంది. “పని కూడా ప్రార్థనే లూర్దూ. మార్తమ్మ కూడా పునీతురాలేగా,” అన్నాడు బాలశౌరి. పునీతురాలే, కాదన్నదెవరు? కానీ ప్రభువు వాళ్లింటికి వచ్చిన రోజు ఆయన మెచ్చుకున్నది వంటతో సతమతమైన మార్తను కాదు, పాదాల దగ్గర కూర్చుని ఆయన మాటలు విన్న చెల్లెల్ని. బాలశౌరి బైబిల్లో ఆ పేజీ చినిగిపోయిందేమో! అంత గొప్ప ప్రార్థనైతే ఒక్క పండక్కి తనే గరిటె పట్టుకోవచ్చుగా.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. క్రిస్మస్ పొద్దున బాలయేసు స్వరూపాన్ని గుడికి తీసుకెళ్లి, ఫాదర్ గారితో ఆశీర్వాదం చేయించి తెచ్చి పాకలో పడుకోబెడతారు. పడుకోబెట్టేది ఇంటి మగాడే. అందాకా పశువుల తొట్టి ఖాళీగానే ఉంటుంది.

పండగ పొద్దున పట్టుచీరలు, సెంట్లు, సెల్ఫీలతో అందరూ గుడికి వెళ్లారు. లూర్దు పలావుకు ఉల్లిపాయలు వేయిస్తుంటే ఫోను మోగింది.

“బాలయేసును మర్చిపోయొచ్చాం,” అన్నాడు బాలశౌరి గొంతు తగ్గించి. “పూజ మొదలవబోతోంది. అమ్మాయిని పంపిస్తున్నా, చేతికిచ్చెయ్.”

బీరువా మీద, తెల్లగుడ్డలో చుట్టి, ఆయన అక్కడే ఉన్నాడు. ఇంతమంది భక్తులూ పండగ ఎవరిదో ఆయన్నే ఇంట్లో వదిలేసి వెళ్లారు. లూర్దుకు ముందు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. మర్చిపోయారని తెలియగానే ఆయన కోసం మనిషిని పంపారు. ఇన్నేళ్లలో తన కోసం ఎవరూ వెనక్కి రాలేదు.

కూతురు దీప్తి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి లూర్దు పొయ్యి ఆపేసి, కొత్త చీర కట్టుకుని, బాలయేసును చంకనేసుకుని తలుపుకు తాళం వేస్తోంది.

“నాన్న నన్ను తెమ్మన్నాడు కదమ్మా?”

“నేనే తెస్తున్నాగా, పద.”

గుడి గుమ్మంలో బాలశౌరి రెండు చేతులూ చాచాడు. లూర్దు ఆ చేతుల్ని దాటుకుని ఆడవాళ్ల ముందు వరసలోకి వెళ్లి, బాలయేసును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె వేళ్లకు ఇంకా ఉల్లిపాయ వాసన వస్తోంది.

అత్తగారు వెనకనుంచి వంగి, “పలావు సంగతేంటే? ఇంటికొక మనిషి ఉండొద్దా?” అంది.

“ఉండాలత్తయ్యా. మీ అబ్బాయిని పంపండి,” అంది లూర్దు, గొంతు తగ్గించకుండా. “పని కూడా ప్రార్థనే.”