కృపాకర్ సాక్ష్యం

కృపాకర్ గుండె జబ్బును ప్రభువే నయం చేశాడని కలకత్తా పక్కన సంత్రాగాఛిలోని తెలుగు క్రైస్తవ సంఘమంతా నమ్మింది. నమ్మనిది ఒక్క గ్రేసీయే, అతని భార్య.

అతని గుండె లయ తప్పి కొట్టుకునేది. హౌరాలో డాక్టరు మాత్ర రాసిచ్చి, ఇది జబ్బును తీసెయ్యదు, గుండెను దారిలో పెడుతుందంతే, మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మాత్ర పనిచేసింది, నాడి కుదురుకుంది. కుదురుకోగానే మనిషికి పొగరొచ్చింది. ఉపవాస ప్రార్థనలో లేచి, తనకు స్వస్థత కలిగిందని, ఇక మందు మింగనని సాక్ష్యం చెప్పేశాడు. అంతమందిలో అన్న మాట వెనక్కి తీసుకుంటే పరువేం కాను?

గ్రేసీ పోట్లాడలేదు. పోట్లాడితే అవిశ్వాసి అంటారు. రోజూ గుట్టుగా మాత్ర నూరి అతని టీలో కలిపింది. నాడి బాగున్నకొద్దీ అతని సాక్ష్యమూ పెరిగింది. పాస్టరుగారు అతన్ని నది అవతలి గార్డెన్ రీచ్ సంఘానికి కూడా సాక్ష్యం చెప్పడానికి పంపించారు. గ్రేసీ కక్కలేక మింగలేక ముందు వరుసలో కూర్చునేది.

అక్కడ విన్నది మేరీరాణి. వాట్‌గంజ్‌లో కూతురితో ఉంటుంది. ఆమెదీ అదే జబ్బు, అదే మాత్ర. కూడిక అయ్యాక గ్రేసీ చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యకి తగ్గిపోనాది గదా వదినా. నాను కూడా మానేత్తాను."

అప్పుడే చెప్పాల్సింది. పిరికిది, చెప్పలేకపోయింది. "డాక్టర్ని ఒకపాలి అడుగమ్మా" అని మాత్రం అంది. దేవుణ్ణి అడిగాక మేరీరాణి డాక్టర్నెందుకు అడుగుతుంది? మాత్ర మానేసింది, వానలు పడకముందే పోయింది.

సమాధి కార్యక్రమం నుంచి సంఘంవాళ్ళంతా ఒకే బస్సులో తిరిగొస్తున్నారు. కృపాకర్ నిట్టూర్చి, ఆమెకు విశ్వాసం చాలలేదన్నాడు. గ్రేసీకి ఒళ్ళు మండిపోయింది.

"మీకు మాత్రం చాలిందేటి? రోజూ మీ టీలో మాత్ర కలుపుతన్నాను."

అతను ఉలిక్కిపడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ గొంతు తగ్గించాడు.

"నాకు తెలీదేటి? మొదటి రోజే చేదు తగిలింది. మెల్లగా మాటాడు, ఎనక మనోళ్ళున్నారు."

తెలిసే తాగాడు. తెలిసే ఊరూరా తిరిగి చెప్పాడు. గ్రేసీకి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది, అతని మీదా తన మీదా. సీటు కమ్మీ పట్టుకుని లేచింది. వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా మొత్తం చెప్పింది, మేరీరాణి దగ్గర తను మింగేసిన మాటతో సహా.