నోవహు కాలు

అమలాపురం కాలువ పనుల మీద పెత్తనం చేసే బర్టన్ దొరకు బొమ్మల పిచ్చి. వాళ్ల తాతలనాడు రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన బైబిలు బొమ్మలను సీమ నుంచి ఓడల మీద తెప్పించుకునేవాడు. చెమ్మ తగిలితే బూజు పడతాయి, వదిలేస్తే చెదలు తింటాయి. ఎండ కాసినప్పుడల్లా వాటిని వరండాలో ఆరబెట్టి, మధ్య మధ్య వేపాకు వేసి పెట్టెలో సర్దడం దేవసహాయం పని. మాట తక్కువ మనిషి. యేసును నమ్ముకున్న పేటవాళ్లకు ఆదివారం పాకలో వాక్యం చదివి వినిపించేదీ అతనే.

దొర ఒకనాడు అతన్ని పిలిచి పడవ కట్టి జలప్రళయం దాటిన నోవహు బొమ్మంటూ ఒకటి చేతిలో పెట్టాడు. "మీ దేవుడి పాకలో పెట్టుకోండి" అన్నాడు. పెద్ద పడవ, చుట్టూ నీళ్లు. పడవలో బొజ్జ ఉన్న తెల్లజుట్టు మనిషి ఒక చేత్తో మోకు పట్టుకుని, రెండో చేత్తో బుడ్డి పట్టుకుని, నీళ్లలో ఉన్నవాడి వైపు కాలు చాపి ఉన్నాడు. పేటవాళ్లు దాన్ని గంజితో మట్టిగోడకు అంటించి, బంతిపూల దండ వేశారు.

అందరికంటే ఎక్కువగా మొక్కింది మాణిక్యం. ఆమె కొడుకు పెదబాబు వరద గోదావరిలో పడవ తిరగబడి పోయాడు. శవం కూడా దొరకలేదు. గోదావరి మీద పడవవాళ్లు మునిగేవాడికి చెయ్యి ఇవ్వరు. ఇస్తే వాడు భయంకొద్దీ గుంజుతాడు, ఇద్దరూ పోతారు. మోకు గట్టిగా పట్టుకుని, అందుకోమని కాలు చాపుతారు. ఆ బొమ్మ చూడగానే మాణిక్యం నోవహు కాలు చాపాడని పోల్చుకుంది. ఆ బుడ్డిలోది నీళ్లు మింగినవాడికి పోసే మందని కూడా అందరికీ చెప్పింది. ఈ లోకంలో పెదబాబుకు ఎవరూ చాపని కాలు పై లోకంలో ఈయన చాపి ఉంటాడని ఆమె నమ్మకం. ఆ బొమ్మ వచ్చాకే ఆమె కడుపునిండా అన్నం తింటోంది.

రాజమండ్రి నుంచి దొరలూ దొరసానులూ చుట్టపుచూపుగా వచ్చిన రోజున దేవసహాయం పెట్టె విప్పి బొమ్మలు ఒక్కొక్కటే అందిస్తున్నాడు. అందులో అదే పడవ, అదే బొజ్జ వచ్చింది. వాళ్లు పగలబడి నవ్వారు. దొర ఏదో చెప్పేసరికి అందరూ దేవసహాయం వైపు తిరిగి మరీ నవ్వారు. అతను వంటింట్లోకి వెళ్లి, ఇంగిలీషు తెలిసిన బట్లరు సాలమోనును అడిగాడు.

"ఎందుకన్నా ఆ నవ్వు?"

"నీకెందుకురా, పని చూసుకో."

"నన్ను చూసి నవ్వేరు. చెప్పన్నా."

సాలమోను ఉల్లిపాయల కత్తి కింద పెట్టాడు. "అది నోవహు కాదురా. ఆళ్ల దేశంలో ఎవడో మంత్రి అంట, పెద్ద తాగుబోతు. జనాన్ని ముంచి తనొక్కడూ పడవెక్కేడని ఎగతాళికి నోవహులా వేసేరు. కాలు చూసేవా? పైకెక్కేవాణ్ని తన్నేస్తన్నాడు."

"మా పాకలోది?"

"దీని నకలు. అసలుదానికి అంచున రాగిరేకు నొక్కిన గాడి తగులుద్ది, వేలెట్టి చూడు. మీదానికి ఉండదు. తర్వాత ఎవడో చవక కాయితం మీద అచ్చేసి అమ్ముకున్నాడు. దొరకి పనికిరాక మీకిచ్చేడు. మీరు దండలేసి మొక్కుతున్నారని ఇప్పుడు ఈళ్లకి చెప్తన్నాడు. ఆదివారం ఈళ్లని మీ పాకకి తీసుకొచ్చి చూపిస్తాడంట."

దేవసహాయం ఒళ్లు మండిపోయింది. వాళ్ల మంత్రిని వాళ్లు వెక్కిరించుకుంటే వాళ్లిష్టం. వాళ్ల గ్రంథాన్ని వెక్కిరించుకున్నా వాళ్లిష్టమే. దాన్ని తెచ్చి దేవుడి బొమ్మంటూ చేతిలో పెట్టి, పేదవాళ్లు కళ్లు మూసుకున్నప్పుడు వెనకనుంచి నవ్వడమేమిటి? చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టి పేడ వడ్డించడం కాదా ఇది?

అంతకంటే పెద్ద చిక్కు మాణిక్యంతో. చెబితే ఆమె కొడుకు మళ్లీ మునుగుతాడు. చెప్పకపోతే ఆదివారంనాడు ఆమె కన్నీళ్లు చూసి దొరసానులు నవ్వుతారు. ఆ నవ్వు తలచుకునేసరికి అతనికి ఊరుకోబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే పాకలో ఆమెకు చెప్పేశాడు.

మాణిక్యం బొమ్మలోని కాలు మీద వేలు పెట్టింది. "తన్నేస్తన్నాడా?" అంది.

"అవునత్తా."

"నా కొడుకునేనా?"

దేవసహాయం దండ తియ్యబోయాడు.

"ఆ పెట్టెలు రోజూ విప్పి సర్దుతావు గదా! నీ కళ్లేమైనాయిరా? పెద్ద చదివేవాడివి, నన్ను ఈ తాగుబోతు ముందు ఏడవనిచ్చేవా?" అని విరుచుకుపడింది. అతను తల వంచుకుని తిట్లు పడ్డాడు. గోరుతో బొమ్మ అంచు గీకి చూశాడు. గంజి పట్టేసింది, మట్టి పెళ్లలుగా రాలుతోంది తప్ప బొమ్మ ఊడి రాలేదు.

"ఉండనీ" అంది మాణిక్యం. "ఆళ్లని రానీ."

ఆదివారం పాట సగంలో ఉండగా దొర పరివారంతో వచ్చాడు, వెనక సాలమోను. బూటుకాళ్లతోనే లోపలికొచ్చి, ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని, దండను ఒకరికొకరు చూపించుకుంటూ నవ్వుతున్నారు. అప్పుడు మాణిక్యం పేడా ఎర్రమట్టీ కలిపిన తట్టతో వాళ్ల మధ్యనుంచే నడిచి వచ్చింది. దండ తీసి పక్కన పెట్టింది. చీర చెంగు దోపుకుని గోడ అలకడం మొదలుపెట్టింది. బుడ్డి పోయింది, బొజ్జ పోయింది, పడవ పోయింది. చాపిన కాలి మీద రెండు పూతలు వేసింది. దొరసాని గౌనుమీద చుక్కలు పడ్డాయి. నవ్వులు ఆగిపోయాయి.

నీళ్లలో చేతులెత్తిన మనిషి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అతని చుట్టూ శుభ్రంగా అలికి, అతన్ని మాత్రం వదిలేసింది.

దొర ముఖం కందిపోయింది. సాలమోనుతో ఏదో గద్దించాడు. సాలమోను గొంతు సవరించుకుని అడిగాడు. "దొరగారిచ్చిన బొమ్మ పాడుచేసేవు. ఆ ఒక్కణ్ని ఎందుకొదిలేవంటున్నారు."

"ఆడు మావాడండి" అంది మాణిక్యం, చేతులు కడుక్కుంటూ.

దొర దేవసహాయం వైపు తిరిగాడు. ఈసారి సాలమోను అవసరం లేకుండా తెలుగులోనే అన్నాడు. "రేపటినించి నీకు పని లేదు."

"ఆయ్, సరేనండి" అన్నాడు దేవసహాయం. "పాట ఇంకా అవలేదండి. కూచుంటే బూట్లిప్పి కూచోండి. లేదంటే వాకిలి వదలండి, లోపల చీకటవుతోంది."

ఎవరూ కూర్చోలేదు. వాళ్లు కాలువ గట్టు ఎక్కకముందే పేటవాళ్లు ఆగిన చరణం మళ్లీ ఎత్తుకున్నారు. మాణిక్యం పాడలేదు. పచ్చి గోడకు ఎదురుగా కూర్చుని, నీళ్లలో ఉన్నవాణ్ని చూస్తూ ఉండిపోయింది.