నంజుకోవడానికి

వగరుకు కొవ్వు తగలాలి, కొవ్వు తగిలితే వగరు దానంతటదే లొంగుతుంది, ఈమాత్రం తెలియదా తనకు, పదేళ్ళు నంది కొండ కింద దొరగారి షిరాజ్ ద్రాక్షతోటలో తీగలు కత్తిరించి, పండు తొక్కించి, పీపాలోంచి మొదటి గుక్క చప్పరించి ఇది పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పింది ఈ రామాంజినప్పే కదా, నీ నాలుకే నాకు కాటా అప్పా అనేవాడు దొర, మరి కట్టుకున్న మనిషి నోటికి నాలుగు ముద్దలు ఎక్కించలేకపోతున్నాడేం, అనుకుంటూ కోడలు యశోదమ్మ దింపిన కోడిపులుసు వాసన చూశాడు, పైన కొవ్వు తేలింది, సరిపోతుంది, సరిపోవాలి, చిక్కబళ్ళాపురం డాక్టరు చెప్పాడుగా, అన్నానికి ముందు రెండు చెంచాలు ఎర్ర వైను తాపించప్పా, ఆకలి పుడుతుంది, ఈ వారంలో తినకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు, ఆ వారంలో అయిదు రోజులు అప్పుడే అయిపోయాయి.

అక్కయమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది, గాజులు మోచేతి దాకా జారాయి, సీసా మూత తీయగానే నేరేడుపండు వాసన, వెనకే మిరియం నలిపిన ఘాటు, ఆ వెనక సన్నగా పొగ, నోట్లో నీళ్ళూరాయి, ఛీ, సిగ్గులేని నోరు, కొత్త పైసలొచ్చిన ఏడాది కైవార గుడిలో కర్పూరం ఆర్పి ఒట్టేసి మానిన తాగుడు, ఆ ఒట్టు వేయించింది ఈ మనిషే, ఆనాటి నుంచి ఆ తోట గడప తొక్కనివాడు మొన్న వెళ్ళి చెయ్యి చాచి ఈ సీసా తెచ్చుకున్నాడు, తెచ్చి ఏం లాభం, మొన్న ఉలవ గుగ్గిళ్ళు పెడితే ముట్టలేదు, నిన్న నెయ్యిలో వేయించిన మేక కార్జం, వాసనకే మొహం తిప్పుకుంది, పొద్దున ఎండుచేప, అదీ అంతే.

లెయ్యమ్మే, ఒక్క చెంచా, అంటే లేచి కూర్చుంది, తాగింది, మొహం చిట్లించి కాసేపు నాలుక మీదే ఉంచుకుని మింగింది, దీనికేనా అప్పా నువ్వు అంత కొట్లాట చేస్తాంటివి, అంది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు, తాగిన మత్తులో నంజుకోను ఏమీ లేదని తను విసిరిన కంచం అంచు ఆమె కనుబొమల నడుమ తగిలిన మచ్చ, పెద్ద బొట్టు పెట్టి దాచేది, ఇప్పుడు బొట్టు చెరిగి అది తననే చూస్తోంది, ముద్ద పులుసులో అద్ది నోటిదగ్గర పెట్టాడు, ఆమె కంచంలోకి చూసి నవ్వింది, ఎన్నాళ్ళకు నవ్వింది, గుగ్గిళ్ళు, కార్జం, చేప, కోడి, అన్నీ నువ్వు తాగేటప్పుడు అడుగుతాంటివే కదప్పా, నీకు చేసి చేసి నాకు ఆ వాసనే పట్టదు, అంది.

నీకేం కావల్లో చెప్పు, యాడున్నా తెస్తా, అనబోయి ఆగిపోయాడు, అడగడమేమిటి, తెలిసి ఉండొద్దూ, ఎడమపక్క ఎద్దు పచ్చిజొన్న తప్ప ముట్టదని తెలుసు, షిరాజ్‌కు ఏది పొసగుతుందో దొరకే నేర్పాడు, ముప్పై ఎనిమిదేళ్ళు తనకు వడ్డించిన మనిషికి పులుపు ఇష్టమా, తీపా, ఆమె తింటుంటే తనెప్పుడైనా చూశాడా, మీ అత్తకేమి ఇష్టమమ్మా అని కోడలిని అడిగాడు, నాకు తెల్దు మామా, అందరం తిన్నాక మిగిలింది తింటాది, అంది యశోదమ్మ తల వంచుకుని, నువ్వే చెప్పు అక్కయమ్మా, అన్నాడు, ఆమె కళ్ళు మూసుకుని ఆలోచించింది, చాలాసేపు ఆలోచించింది, పుట్టింట్లో ఏందో ఇష్టంగా తింటాంటినప్పా, యాడ గుర్తుండాది, ఎవురూ అడగకపోతే మర్సిపోతి, అని మళ్ళీ గోడవైపు తిరిగింది, ముద్ద చేతిలోనే చల్లారిపోయింది, ఇంక ఎవరిని అడగాలి, ఆమెకు ఇష్టమైనదేదో ఇప్పుడు ఆమెకు కూడా తెలియదు, దాన్ని మరిపించింది తనే.