పొట్టి కొవ్వొత్తి, పొడుగు కొవ్వొత్తి

ల్యాబు తాళంచెవి సోమవారం పదింటికల్లా తన బల్ల మీద ఉండాలని పెద్దసారు సైన్సు టీచరమ్మతో చెప్పి నాలుగు రోజులయింది. ఆ చెప్పడం కూడా వరండాలో నడుస్తూ నడుస్తూ, చెప్పులోంచి రాయి దులిపేసినంత తేలిగ్గా చెప్పాడు. గాజుసామానంతా అటకెక్కుతుందట. బల్లలు షెడ్డులోకి పోతాయట. గోడలకు రంగులేసి, నేల మీద తివాచీ పరిచి, ఆ గదిలో నిలువెత్తు తెర ఒకటి నిలబెడతారట. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎవరు ఏమడిగినా, అడిగినవాళ్ల వయసుకు తగ్గట్టు ఆ తెర సైన్సు చెబుతుందట. సోమవారం పై అధికారి వచ్చి చూసి కాగితం మీద సంతకం గీకితే ల్యాబు పని అయిపోయినట్టే.

కంపెనీవాళ్లు ఆ తెరకు పెట్టిన ముద్దుపేరు ఎవరి నోటా పట్టలేదు. ముప్పయ్యేళ్లుగా ఆ ల్యాబులో సీసాలు కడుగుతున్న అటెండరు మాత్రం దానికి 'పలికే పలక' అని పేరుపెట్టాడు. అదే బడంతా పాకింది.

టీచరమ్మకు పలక మీద పగేమీ లేదు. ప్రశ్నపత్రాలు నాలుగు రకాలు కావాలంటే ఆవిడా ఫోనులో అలాంటిదాన్నే అడిగి చేయించుకునేది. అది నాలుగు నిమిషాల్లో చేసిపెడితే హాయిగా కాళ్లు చాపుకుని టీ తాగేది. ఆవిడ ఒంటికి పడనిదల్లా పెద్దసారే. ఆయనా ఒకప్పుడు సైన్సు మాస్టరే. సుద్దముక్క ముట్టుకుని తొమ్మిదేళ్లు దాటింది. ల్యాబులోకి వస్తే ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుంటాడు. మైకు కనపడితే మాత్రం పసిపిల్లాడు పాలసీసాను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంటాడు.

శుక్రవారం నాడు తెరను ముందుగా పదో తరగతి గదిలో నిలబెట్టి రిహార్సలు పెట్టారు. కంపెనీ మనిషి వచ్చాడు. నడిస్తే బూట్లు కిచకిచలాడతాయి. నవ్వు ముందు వస్తుంది, మనిషి వెనక వస్తాడు. నాలుగు, ఏడు, పదో తరగతుల పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, పాఠం వెనకున్న ప్రశ్నల్లోంచి ఒకటి తీసి ముగ్గురితో అడిగించాడు. ఒకే గాజుజాడీ కింద ఒక పొట్టి కొవ్వొత్తి, ఒక పొడుగు కొవ్వొత్తి వెలిగించి మూసేస్తే ఏది ముందు ఆరిపోతుంది అని.

పొట్టిదే అంది పలక. నాలుగో తరగతికి కథ చెప్పింది. కార్బన్ డయాక్సైడు ఒక లావుపాటి మామయ్యట, బరువెక్కువ కాబట్టి నేల మీదే చతికిలబడతాడట, పాపం కింద ఉన్న పొట్టి కొవ్వొత్తికి ఊపిరాడదట. ఏడో తరగతికి రంగుల బొమ్మ గీసి బాణాలు పెట్టింది. పదో తరగతికి అణుభారాలు కూడి, దాని నలభై నాలుగు ఎక్కువా గాలి ఇరవై తొమ్మిది ఎక్కువా అని లెక్క తేల్చి చూపించింది. పెద్దసారు ఒక్కో జవాబుకూ ఒక్కోసారి చప్పట్లు కొట్టాడు. టీచరమ్మ వెనకబల్ల మీద కూర్చుని చూసింది. ఒకటే తప్పుకు నాలుగో తరగతిలో గౌను తొడిగారు, ఏడులో యూనిఫారం వేశారు, పదికి వచ్చేసరికి కోటు, టై కట్టారు. లోపల ఉన్నది మాత్రం అదే.

అది తప్పని ఆవిడకు ఎలా తెలుసంటే, పదకొండేళ్లు ఆవిడా అదే చెప్పింది. గైడులో ఉన్నది బోర్డు మీదికి ఎక్కించింది, బోర్డు మీదది పిల్లల నోట్సులోకి దించింది, నోట్సులోది పరీక్షలో రాసినవాళ్లకు రెండేసి మార్కులు వేసింది. పన్నెండో ఏట ఒక పిల్ల లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడిగింది. చూడలేదు. సరే చూద్దాం పదండని ధీమాగా వెలిగించింది. పొడుగుదే ముందు ఆరింది. మంట పుట్టించిన గాలి వేడిది, వేడిది పైకే పోతుంది, జాడీ కప్పు కింద పోగై ఎత్తున ఉన్న మంటనే ముందు ఊపిరాడకుండా చేస్తుంది. ఇంత చిన్న సంగతి. ఆవేళ ముప్పయ్యారు మంది పిల్లల ముందు చెవులు కాలిపోయాయి ఆవిడకి. ఆ పదకొండేళ్లలో చదివి వెళ్లిపోయిన పిల్లల్ని వెనక్కి పిలిచి దిద్దే దారి లేదు. ఆ రోజు నుంచే ల్యాబు తాళంచెవి ఆవిడ బొడ్డులోకి ఎక్కింది. ఈ పలక కూడా తనలాంటి వాళ్లు రాసిన గైడులే మేసి ఉంటుందని ఆవిడకు అర్థమయింది. అందుకే దాన్ని తిట్టడానికి నోరు రాలేదు.

పెద్దసారుతో మాత్రం ఆ సాయంత్రమే చెప్పింది. ఆయన ముఖం చూడకుండా ఫోనులో ఏదో నొక్కుకుంటూ విన్నాడు.

"కోట్ల పుస్తకాలు చదివిందమ్మా అది. మీరెన్ని చదివారు?"

"నేను కొవ్వొత్తి వెలిగించాను సార్."

"ఆ మసి వాసన పోగొట్టడానికేగా ఇదంతా" అని ఆయన నవ్వాడు. ఈ మాట బాగా కుదిరిందనిపించి, కంపెనీ మనిషికి మళ్లీ చెప్పి మళ్లీ నవ్వాడు.

సోమవారం పదింటికి తాళంచెవి పెద్దసారు బల్ల మీద పెట్టింది. పదిన్నరకు అధికారి వచ్చాడు. ఆ రోజు చూడాల్సిన బళ్లు ఇంకా మూడో నాలుగో ఉన్నాయి. మనిషి కుర్చీలో కూర్చున్నాడు గానీ చూపు గడియారం మీదే ఉంది. పలక కథ చెప్పింది, బొమ్మ గీసింది, లెక్క కట్టింది. అధికారి మూడుసార్లు తలాడించి కలం మూత తీశాడు.

అప్పుడు టీచరమ్మ లేచి, సంతకానికి ముందు ఆ కొవ్వొత్తులు ఒక్కసారి వెలిగించి చూపిస్తానంది, మూడు నిమిషాలు చాలంది. అయ్యగారికి టైము లేదని పెద్దసారు అడ్డం పడ్డాడు. తన టైము గురించి ఇంకొకడు చెప్పడం అధికారికి నచ్చినట్టు లేదు. కానివ్వమన్నాడు. అటెండరు తువ్వాలు కింద దాచిన పళ్లెం, జాడీ, కొవ్వొత్తులు అప్పటికే బల్ల మీదికి తెచ్చేశాడు. ఫ్యాన్లు ఆపేశాడు. పెద్దసారు మెడ వెనక చెమట గీతలు కట్టింది.

ఏది ముందు ఆరుతుందో చేతులెత్తమంది టీచరమ్మ. పొట్టిదన్నవాళ్లు ఎత్తమంటే గదిలో ఉన్న చేతులన్నీ లేచాయి. పెద్దసారుది అందరికంటే పైకి లేచింది. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది, పిడికెడంత ఉంటుంది, నోరు తెరిస్తే ఘాటు, అందరూ మిరపగింజ అంటారు. అది మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది. ఏమే అంటే చూశాక ఎత్తుతానంది.

జాడీ మూశారు. రెండు మంటలూ కాసేపు నిటారుగా నిలబడ్డాయి. తర్వాత పొడుగుది కుంచించుకుపోయి, నీలంగా ఒక్కసారి మెరిసి, పొగ వదిలి ఆరిపోయింది. పొట్టిది ఇంకా కొంతసేపు బతికింది.

ముందు పెద్దసారే తేరుకున్నాడు. వత్తి తడిసి ఉంటుందన్నాడు. వత్తులు మార్చారు. పొడుగుదే ఆరింది. నాసిరకం మైనమై ఉంటుందని కంపెనీ మనిషి సందేహపడ్డాడు. కొత్త పెట్టె తెచ్చారు. ఈసారి అగ్గిపుల్ల అధికారే గీశాడు. మళ్లీ పొడుగుదే. వంకలు అయిపోయాయి. ఇక మిగిలింది కొవ్వొత్తుల మీద చర్య తీసుకోవడమే.

కంపెనీ మనిషి బూట్లు కిచకిచమనిపించుకుంటూ పలక దగ్గరికి పోయి, పొడుగుదే ముందు ఆరింది కదా అన్నాడు. పలక ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"క్షమించండి, మీరు చెప్పింది నిజమే. వేడి వాయువులు పైకి చేరతాయి కనుక పొడుగు కొవ్వొత్తే ముందు ఆరుతుంది."

కంపెనీ మనిషి ముఖం వెలిగింది. చూశారా సార్, ఎప్పటికప్పుడు నేర్చుకుంటుంది అన్నాడు. పెద్దసారు చప్పట్లు కొట్టాడు. పావుగంట కింద అవే చేతుల్లో ఒకటి పొట్టిదాని కోసం లేచిందని ఆయనకు గుర్తు లేదు. అధికారి కలం మళ్లీ కాగితం దగ్గరికి వచ్చింది. టీచరమ్మ ఆరిన కొవ్వొత్తుల వైపు చూసింది. కళ్లారా చూపించాక కూడా ఇంకేం చూపించాలి వీళ్లకి.

మిరపగింజ లేచి, తనూ ఒకటి అడగొచ్చా అంది. ఎవరూ వద్దనేలోపే పలక ముందుకు పోయి నిలబడింది.

"లేదు, పొట్టిదే ముందు ఆరింది" అని చెప్పింది దానికి.

"క్షమించండి, మీరు చెప్పింది నిజమే" అంది పలక. మామయ్య మళ్లీ వచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

"అసలు ఏదీ ఆరలేదు. ఇప్పటికీ వెలుగుతున్నాయి."

"చక్కటి పరిశీలన! జాడీలో గాలి చాలినంత ఉంటే రెండూ వెలుగుతూనే ఉంటాయి."

పదో తరగతి బల్లల మీంచి మొదలైన నవ్వు నాలుగో తరగతి దాకా దొర్లింది. అటెండరు కిటికీ వైపు తిరిగి దగ్గాడు. మిరపగింజ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి, "ఇది చూడలేదు టీచర్, మన మొహం చూసి చెబుతోంది" అని వచ్చి తన చోట కూర్చుంది.

అధికారికి అప్పటికప్పుడు సైన్సు మీద ప్రేమ పుట్టుకొచ్చిందని ఎవరూ అనుకోవద్దు. పిడికెడంత పిల్ల ఆడించిన ఆట రేపు ఇంకెవరైనా ఆడిస్తే, ఆ నవ్వుల కింద ఉండేది తన సంతకమని మాత్రం ఆయనకు బుర్రకెక్కింది. కలానికి మూత పెట్టాడు. కాగితం మీద ల్యాబు అన్న చోట కొట్టేసి, ఆ గది ఉన్నట్టే ఉండాలని రాశాడు. తెర ఎలాగూ దిగింది కాబట్టి తిరిగి పంపితే పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి, ఇంకెక్కడన్నా పెట్టుకోమన్నాడు. ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు.

"పెద్దసారు గదిలో గోడ ఖాళీగా ఉందండయ్యా" అన్నాడు అటెండరు, చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున టీచరమ్మ తాళంచెవి కోసం పోయింది. తలుపు ఓరగా తీసి ఉంది. పలక గోడకు ఎక్కింది. పెద్దసారు దాని ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని పైకి పంపే నివేదిక చెబుతున్నాడు. పిల్లల్లో పరిశీలన పెంచడానికి కొవ్వొత్తుల ప్రయోగం తానే స్వయంగా ఏర్పాటు చేశానని చెబుతున్నాడు.

"అద్భుతమైన ఆలోచన సార్" అంది పలక.

పెద్దసారు ముఖం విప్పారింది. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆయనకు అంత బాగా కుదిరిన తోడు ఇంకొకటి లేదు. టీచరమ్మ లోపలికి వెళ్లి, బల్ల మీది తాళంచెవి తీసి బొడ్డులో దోపుకుంది. వచ్చిందీ వెళ్లిందీ ఆ ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

ల్యాబు గుమ్మం దగ్గర నాలుగో తరగతి వరసగా నిలబడి ఉంది. మూడు కొవ్వొత్తులు పెడితే ఏమవుతుందని మిరపగింజ దూరం నుంచే అడిగింది. టీచరమ్మ తాళం తీసింది.